స్నోవైట్ ఎక్కడమ్మా?

1955 జూలై. అమెరికాలోని అనాహైమ్. ఏడాది కిందటి దాకా నారింజ తోటలున్న నేల మీద ఇప్పుడు కోట బురుజులు, రైలు పట్టాలు లేచాయి.

చిన్న బండిలో తల్లీ కూతుళ్లు కూర్చున్నారు. బండి ముక్కు తగలగానే ఎదురుగా ఉన్న తలుపు ధడేల్మని తెరుచుకుంది. లోపల చీకటి. ఆ చీకట్లో మరుగుజ్జుల గని, గోడల్లో మెరుస్తున్న రంగురాళ్లు. పాప చప్పట్లు కొట్టింది. మలుపు తిరిగేసరికి చెట్లకు ముఖాలు మొలిచాయి, కొమ్మలు చేతులై మీదికి చాచుకొచ్చాయి. పాప అమ్మ మోచెయ్యి పట్టుకుంది. ఇంకో మలుపులో మంత్రగత్తె, చేతిలో ఆపిల్. హమ్మయ్య దాటేశాం అనుకునేలోగా మళ్లీ మంత్రగత్తె. కాసేపటికి ఆఖరి తలుపు తెరుచుకుంది, ఎండ ముఖాన కొట్టింది, బండి ఆగింది.

పాప దిగలేదు. వెనక్కి తిరిగి ఆ చీకటి గుమ్మం వైపే చూస్తూ అడిగింది.

"స్నోవైట్ ఎక్కడమ్మా?"

తల్లి దగ్గర జవాబు లేదు. బండి ఆపిన కుర్రాడి దగ్గరా లేదు.

ఆ పాప పేరు ఏ రికార్డులోనూ దొరకదు. ఆ తల్లీ కూతుళ్లను నేనే అక్కడ కూర్చోబెట్టాను. ప్రశ్న మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం. డిస్నీలాండ్ తెరిచిన కొత్తలో 'స్నోవైట్ అడ్వెంచర్స్' అనే ఆ రైడ్ ఎక్కి దిగినవాళ్లు ఏళ్ల తరబడి అదే అడిగారు. ఎందుకంటే లోపల నిజంగానే స్నోవైట్ లేదు. ఆమె పేరు పెట్టిన రైడ్‌లో ఆమె బొమ్మ ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు.

మర్చిపోయారా? ఆ పార్కు తెరిచిన రోజును చూస్తే అలాగే అనిపిస్తుంది. జూలై 17న ప్రారంభోత్సవం. 101 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండ, అంటే మన లెక్కలో 38. హైదరాబాద్ వాళ్లకు అదో ఎండా అనిపించవచ్చు గానీ అక్కడ కొత్తగా పోసిన తారు మెత్తబడి ఆడవాళ్ల చెప్పుల మడమలు దిగబడిపోయాయి. ప్లంబర్ల సమ్మె వల్ల మరుగుదొడ్లా, తాగునీటి కుళాయిలా, రెంటిలో ఏదో ఒకటే సిద్ధం చేయగలమన్నారు. వాల్ట్ డిస్నీ మరుగుదొడ్లే ముఖ్యమన్నాడు. జనం దాహంతో అల్లాడారు. దొంగ టికెట్లతో వేలమంది చొరబడ్డారు. ఇదంతా టీవీలో ప్రత్యక్ష ప్రసారం. వ్యాఖ్యానం చెప్పిన ముగ్గురిలో ఒకరు అప్పటికి సినిమా నటుడైన రొనాల్డ్ రీగన్. ఆ రోజు ఊరేగిన పాత్రల వేషాలు కూడా సొంతం కావు. మంచు మీద స్కేటింగ్ ప్రదర్శనలిచ్చే ఐస్ కపేడ్స్ బృందం దగ్గర అరువు తెచ్చినవి.

అయితే స్నోవైట్ లేకపోవడం ఈ హడావుడిలో జరిగిన పొరపాటు కాదు. తెలిసి చేసిన పని.

ఆ రైడ్ కట్టిన కెన్ యాండర్సన్, క్లాడ్ కోట్స్ ఇంజినీర్లు కారు, డిస్నీ సినిమాల చిత్రకారులు. ప్లైవుడ్ పలకల మీద మెరిసే రంగులతో అడవిని, కోటను గీసి, అల్ట్రావయొలెట్ దీపాల కింద పెట్టారు. చీకట్లో రంగు తప్ప పలక కనిపించదు. బండ్లను ఆరో డెవలప్‌మెంట్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. ఆ చిత్రకారుల ఊహ ఏమిటంటే, బండిలో కూర్చున్నవాళ్లే స్నోవైట్. ఆమెకు అడవి ఎలా కనిపించిందో మీకూ అలా కనిపిస్తుంది. మంత్రగత్తె ఆపిల్ ఇస్తున్నది మీకే. మరి మీరే స్నోవైట్ అయినప్పుడు మీకు స్నోవైట్ ఎలా కనిపిస్తుంది? పక్కనే ఉన్న పీటర్ పాన్, మిస్టర్ టోడ్ రైడ్‌లలోనూ ఇదే సూత్రం. పీటర్ పాన్ లేడు, టోడ్ లేడు.

కాగితం మీద ఎంత ముచ్చటైన ఆలోచన! కథల్లో 'నేను' అని మొదలుపెట్టే రచయితలందరికీ ఇది వెంటనే అర్థమవుతుంది. పిల్లలకే అర్థం కాలేదు. పాప స్నోవైట్ అయిపోవాలని రాలేదు, స్నోవైట్‌ను చూడాలని వచ్చింది. ఆమెకు దక్కిందల్లా మంత్రగత్తె. పిల్లలు జడుసుకుంటున్నారని బయట హెచ్చరిక బోర్డు కూడా పెట్టాల్సి వచ్చింది. బోర్డు పెట్టడం సులువు. తప్పు ఒప్పుకోవడానికి 28 ఏళ్లు పట్టింది. 1983లో పార్కులో ఈ రైడ్‌లున్న విభాగాన్ని తిరగగట్టినప్పుడు గానీ స్నోవైట్ తన రైడ్‌లోకి తాను రాలేదు. అన్నిటికన్నా విడ్డూరం, మధ్యలో 1971లో ఫ్లోరిడాలో రెండో పార్కు కట్టినప్పుడు కూడా ఆమెను మళ్లీ బయటే ఉంచారు. అక్కడ ఆమె కుదురుగా కనిపించింది 1994లో.

ఈ కథంతా నేను చెప్పింది శంషాబాద్ విమానాశ్రయం నుంచి ఔటర్ రింగ్ రోడ్డెక్కిన కారులో. విన్నది డల్లాస్ నుంచి అప్పుడే దిగిన మా మనవడు, ఏడేళ్లవాడు. వాడి ప్రశ్నే దీనికి కారణం.

"తాతా, రేపు వండర్‌లాలో భీమ్ ఉంటాడా?"

"ఉండడు నాన్నా."

"అదేంటి? భీమ్ హైదరాబాదే అన్నావుగా!"

అన్నాను, నిజమే. కార్టూన్ల ఛోటా భీమ్ పుట్టింది ఈ ఊళ్లోనే. రాజీవ్ చిలక అమెరికాలో కంప్యూటర్ సైన్స్ చదివి, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని, తిరిగొచ్చి 2001లో ఇక్కడ గ్రీన్ గోల్డ్ సంస్థ పెట్టాడు. 2008 ఏప్రిల్‌లో పోగో చానెల్లో భీమ్ మొదలయ్యాడు. అంతకు కొద్ది రోజుల ముందే, మార్చిలో, శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది. విమానాశ్రయం, భీమ్ ఇద్దరూ ఒక ఈడువాళ్లు. 2012లో 'కర్స్ ఆఫ్ దమ్యాన్'తో భీమ్ పెద్ద తెరకెక్కాడు. 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో 'మైటీ లిటిల్ భీమ్'గా పాకుతూ దేశాలు దాటాడు. అందులో మాటలుండవు. డల్లాస్ పిల్లాడికైనా ఢిల్లీ పిల్లాడికైనా ఒకేలా అర్థమవుతుంది.

వండర్‌లా వినోద పార్కు 2016లో రావిర్యాల దగ్గర వచ్చింది, ఔటర్ మీద ఎగ్జిట్ 13. దాని బలం వేగం, నీళ్లు. వెనక్కి పరుగెత్తి గిరికీలు కొట్టే రీకాయిల్ కోసం అక్కడికి వెళ్తాం. కథ కోసం వెళ్లం. భీమ్ పేరుతో రైడ్ కట్టింది ముంబై, పుణెల మధ్య ఖోపోలీలో ఉన్న ఇమాజికా. అనిల్ కపూర్ 'మిస్టర్ ఇండియా' సినిమాను రైడ్‌గా మలిచిందీ వాళ్లే.

నాకైతే బొమ్మల సినిమాల్లోంచి పార్కులో దింపడానికి భీమ్ అంత అనువైనవాడు మరొకడు లేడనిపిస్తుంది. రైడ్ అంటే రెండు మూడు నిమిషాలు. సంభాషణలకు చోటుండదు. నీడ చూసి గుర్తుపట్టాలి, రంగు చూసి అరవాలి. కాషాయ ధోవతి, చొక్కాలేని ఛాతీ, చేతిలో లడ్డూ, భుజం మీదికి ఎగిరే జగ్గూ కోతి. ఇంకేం కావాలి? చిక్కు వేరే చోట ఉంది. భీమ్ తొమ్మిదేళ్లవాడు. వేషం కట్టేది మాత్రం ఎదిగిన మనిషి. తెర మీద తనంత ఉన్న స్నేహితుడు ఎదుట ఆరడుగుల మనిషై నిలబడితే ఏడేళ్లవాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. దానికి తోడు మన మే నెల ఎండ. స్పాంజి తల తగిలించుకుని ఎంతసేపు నిలబడగలరు? నీడ, ఫ్యాను, వంతులు, పక్కన చెయ్యి పట్టి నడిపించే మనిషి, ఇవన్నీ ఉండాల్సిందే. పిల్లల కళ్లముందు ఆ తల తీయకపోవడం అన్నిటికన్నా ముఖ్యం.

మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. పగటి వేషగాళ్లు వీధిలోకొస్తే మన ముత్తవ్వలు అరుగు మీంచి లేచి నిలబడేవారు. ఎదురుగా ఉన్నది పక్కూరి మనిషని వాళ్లకు తెలుసు. అయినా రాముడి వేషానికి చేతులు జోడించేవారు. వేషగాడు కూడా ఆ గడప ముందున్నంతసేపు బీడీ వెలిగించేవాడు కాదు. తోలుబొమ్మలాటలో రావణుడి కొలువు మధ్యకు నవ్వించే జుట్టుపోలిగాడు ఊడిపడితే, కథలో వాడికేం పని అని ఎవరూ అడగలేదు. ఎదురుచూసినవాడు కనిపించాడు, అది చాలు. అనాహైమ్ చిత్రకారులకు తట్టనిది మన బొమ్మలాటవాళ్లకు బడికెళ్లకుండానే తెలుసు.

తుక్కుగూడ బోర్డు దాటుతుండగా మనవడు స్నోవైట్ కథ మీద తీర్పు చెప్పేశాడు.

"నేను భీమ్ అవ్వను తాతా. భీమ్ నా పక్కన కూర్చోవాలి."

"మరి వాడితో కయ్యానికి దిగే కాలియా?"

"వాడు వెనక సీట్లో."

రేపో మాపో ఈ ఔటర్ పక్కన భీమ్ ఊరు ఢోలక్‌పూర్‌ను కట్టాలనుకునే పెద్దలకు ఒక విన్నపం. విలన్ దమ్యాన్‌ను ఎన్ని మలుపుల్లోనైనా పెట్టుకోండి, పిల్లలు ఓర్చుకుంటారు. ఆఖరి తలుపు తెరుచుకునే ముందు మాత్రం భీమ్‌ను నిలబెట్టండి. పిల్లవాడి ఎత్తులో, చెయ్యందేంత దగ్గర్లో.