సముద్రగర్భమున ఒక ఋతునియమము

సూర్యరశ్మి చొరని సముద్రగర్భమున ఋతుభేదము లేదని తలచుట సహజము. కాని న్యూజిలాండు, ఆస్ట్రేలియా దేశములకు చేరువ సముద్రమున, సుమారు 1000 మీటర్ల లోతున వసించు ‘ఆరంజ్ రఫీ’ అను ఎఱ్ఱని మత్స్యము, అచ్చటి శీతకాలమగు జూన్–ఆగస్టు నెలలలో, నీట మునిగిన కొండలచెంత గుంపుగూడి గ్రుడ్లు పెట్టును.

ఈ నియమమే దానికి ముప్పయినది. 1979 నాటికి న్యూజిలాండులోను, 1989లో టాస్మేనియా తూర్పున సెయింట్ హెలెన్స్ కొండకడను ఓడలవారు ఆ గుంపులపైననే వలలు దించిరి. వలలు నిండుట చూచి సంపద తరుగదనుకొనిరి. 1991లో దాని చెవిరాళ్లను రేడియోధార్మిక పద్ధతిని పరీక్షింపగా, అది నూరేండ్లకు మించి జీవింపగలదని తేలినది. గ్రుడ్లు పెట్టు ఈడు వచ్చుటకే దానికి సుమారు 30 ఏండ్లు పట్టును.

2006లో ఆస్ట్రేలియా దానిని రక్షణ అవసరమగు జాతుల పట్టికలో చేర్చినది. ఒక్క పూట వలలో పడిన గుంపునకు బదులు మరియొక గుంపు ఎదుగుటకు మనుష్యులలో ఒక తరము గడువవలెను.