కోటిపల్లి దగ్గర ఆగిన పట్టాలు

పోయిన వర్షాకాలంలో, అమలాపురంలోని మా మేడగదిలో ఇరవై ఏళ్ళుగా ఉన్న నమూనా రైలుమార్గాన్ని నా చేతులతో నేనే ఊడదీశాను. ప్లైవుడ్డు బల్లకు చెద పట్టింది. ఇత్తడి పట్టాలు మా కోనసీమ తేమకు నల్లబడి, ఎంత రుద్దినా వారం తిరక్కుండానే ఇంజనుకు కరెంటు అందనివ్వడం మానేశాయి. (ఇత్తడి మీద పేరుకునే చిలుము విద్యుత్తును అడ్డగిస్తుంది. నికెల్ సిల్వర్ పట్టాలతో ఆ బాధ తక్కువ. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.) విప్పడానికి ఒక్క పూట పట్టింది. తిరిగి ఏమి కట్టాలో తేల్చుకోవడానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది.

మొదటిది కట్టింది 2004లో. కాకినాడ నుంచి కోటిపల్లికి రైలు తిరిగి వచ్చిన సంవత్సరం అది. ఆ ఉత్సాహంలో బల్ల మీద కోడిగుడ్డు ఆకారంలో పట్టాలు పరిచి, ఒక పక్క కాకినాడ, నడుమ నీలిరంగు పూసిన గౌతమి, దాని మీద రెండడుగుల వంతెన, ఆవల అమలాపురం స్టేషను పెట్టాను. స్టేషను పేరుపలకను మా నాన్నగారు సన్నని కుంచెతో మూడు భాషలలోనూ రాశారు. రైలు గిర్రున తిరిగి అమలాపురంలో ఆగేది. అసలు అమలాపురానికి రైలే లేదన్న సంగతిని మా ఇంట్లో అందరమూ హాయిగా మరచిపోయాము.

ఇంతకీ ఎందుకు లేదు? కోనసీమకు ఒక వైపు గౌతమి, మరో వైపు వసిష్ఠ, దిగువన సముద్రం, నడుమ చీల్చుకుంటూ వైనతేయ. అయితే నదులదే నేరమనడం సబబు కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన ఆర్థర్ కాటన్ ఈ దేశానికి రైళ్ళకంటే పడవలు నడిచే కాలువలే మేలని జీవితాంతం వాదించాడు. గన్నవరం వద్ద 49 కమానుల మీదుగా కాలువనే వైనతేయ దాటించారు. అంటే మా సీమలో నీళ్ళు ఏనాడో నదిని దాటాయి, రైలు దాటలేదు. కాటన్ 1899లో కన్నుమూశాడు. ఆ మరుసటి ఏడే, 1900లో, రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన మీద రైళ్ళు నడిచాయి. కోనసీమకు మాత్రం కాలువలూ పడవలే మిగిలాయి.

1928లో కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవు దాకా 45 కిలోమీటర్ల మార్గం వేశారు. రైలు దిగి, రేవు దాటితే ముక్తేశ్వరం, అక్కడి నుంచి అమలాపురం. మా తాతగారు కాకినాడలో చదువుకున్న రోజుల్లో ఇదే దారిన వెళ్ళేవారట. పన్నెండేళ్ళు గడిచాయో లేదో, 1940లో, యుద్ధ అవసరాల కోసమని ప్రభుత్వం ఆ పట్టాలను పెరికించింది. యుద్ధం కోసం పట్టాలు పోగొట్టుకున్నది మనమొక్కరమే కాదు. కేరళలో షోరనూరు-నీలంబూరు మార్గానిదీ, హిమాలయాల దాపున కాంగ్రా లోయ మార్గపు చివరి భాగానిదీ అదే గతి. ఆ రెండింటికీ 1954లో పట్టాలు తిరిగి పడ్డాయి. మా మార్గానికి అరవై నాలుగేళ్ళు పట్టింది! అడిగేవారు లేక కాదు, అడిగినది ఢిల్లీ దాకా చేరక అని నా అభిప్రాయం. ఎందుకంటే, అమలాపురం సభ్యుడైన జి.ఎం.సి. బాలయోగి 1998లో లోక్‌సభ స్పీకరయ్యాకనే ఈ పని కదిలింది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా 57 కిలోమీటర్ల కొత్త మార్గమూ ఆ రోజుల్లోనే మంజూరయింది. 2002 మార్చి 3న కైకలూరు వద్ద హెలికాప్టరు ప్రమాదంలో ఆయన మరణించారు. కోటిపల్లికి వచ్చిన రైలును ఆయన చూడలేదు.

ఈ చరిత్రంతా తెలిశాక, ఆ వంతెనను మళ్ళీ కట్టడానికి నాకు మనసొప్పలేదు. ఉన్నది ఉన్నట్టే కడదామనుకున్నాను. 1:87 కొలతలో 45 కిలోమీటర్లంటే 517 మీటర్లు, మా గది గోడ పద్నాలుగు అడుగులు! కనుక నాలుగు స్టేషన్లతో సరిపెట్టుకున్నాను. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు ఈ కొలతలో పందొమ్మిదికి పైగా రావాలి. బజారులో దొరికే పట్టాలేమో పదహారున్నర. ఆ తేడా తెలిసినవాడికి కంట్లో నలుసే. ఐనా భరించాను. కొబ్బరిపొట్టు గట్లకు మట్టిగా చక్కగా కుదిరింది.

అసలు చిక్కు కోటిపల్లిలో వచ్చింది. గుండ్రంగా తిరిగే రైలుకు ముందూ వెనకా ఉండవు. కొస స్టేషనులో ఇంజనును విడదీసి, పక్కదారిన నడిపి, రెండో చివరకు తగిలించాలి. పక్కదారి మూడు పెట్టెలకంటే పొడవుండాలి, దాని ఆవల ఇంజను నిలవడానికి ఇరవై సెంటీమీటర్లయినా పట్టా మిగలాలి. నేను నాలుగు వేళ్ళు తక్కువ కొలిచాను. మొదటి రోజే ఇంజను సరాసరి గౌతమిలోకి దూకింది. స్టేషనంతా లేపి కాకినాడ వైపు జరపవలసి వచ్చింది.

నదిలో స్తంభాలు మాత్రం నిలబెట్టాను, రేవు దాటుతూ నేను కళ్ళారా చూసినట్టే, పైన గర్డర్లు లేకుండా. నాన్నగారు రాసిన పలకను పాత ఆవిరి ఇంజనుతో పాటు గుడ్డలో చుట్టి అలమరలో దాచాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ పలకను బల్ల మీది నుంచి తీసే వేళ చేయి కాస్త ఆగిన మాట నిజం.

సెలవులకు వచ్చిన మనవరాలు బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగింది.

"తాతయ్యా, మన ఊరేది?"

"నది అవతలమ్మా. రైలు ఇంకా రాలేదు."

"ఇదివరకు వచ్చేదిగా!"

"అది నేను ఉత్తుత్తికే పెట్టాను."

కాసేపు స్తంభాల కేసి చూసి, మరి వీళ్ళంతా ఇంటికెలా వెళ్తారని అడిగింది. పంటు మీద అన్నాను. మధ్యాహ్నానికల్లా కొబ్బరిడొక్క చీల్చి ఒక పంటు చేసి, ముక్తేశ్వరం వైపు ముక్కు తిప్పి రేవులో పెట్టింది. మూడు పెట్టెల జనానికి ఒక్కటి చాలదని ఇప్పుడు రెండోది చేస్తోంది.