పాలమూరు సంస్థానములలో డప్పు విద్య

గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానముల చరిత్రను వ్రాసినవారు కోటలను, దేవాలయములను, ప్రభువులు కవులకు చేసిన సత్కారములను విపులముగా వర్ణించిరి. విద్వద్గద్వాల యను ప్రశస్తి నేటికిని నిలిచియున్నది. తిరుపతి వేంకట కవులంతటి అవధానులు ఆ ఆస్థానమున సన్మానితులైరి. ఆ కొలువునకు దూరముగా, ఊరి చివరనున్న మాదిగవాడలో, గ్రంథమెరుగని మరియొక విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండెను. డప్పు వాయించుటయు శాస్త్రమే యని నా దృఢవిశ్వాసము.

కట్టెచట్రమునకు తోలు బిగించి, గడ్డిమంటపై కాచినగాని డప్పు సరిగా పలుకదు. కుడిచేత చిర్ర, ఎడమచేత సన్నని పుల్ల: నడుమ కొట్టిన చిర్ర గంభీరముగా, అంచున తగిలిన పుల్ల తీక్ష్ణముగా మ్రోగును. బృందమున చేరకముందే బాలుని రెండుచేతులలో రెండు దరువులు పుట్టుచున్నవన్నమాట. పెద్దలు దరువును మొదట నోట పలికించి, అది నాలుకకు పట్టిన పిమ్మట చేతికి దింపుదురు. వరుసలో నిలిచిన పిల్లవానికి సాదా దెబ్బ నప్పగించి, మెలికలు తాము వాయింతురు. ఆ సాదా దెబ్బయే కష్టమైనది. ఒకరు మూడేసి మాత్రలుగా, మరియొకరు నాలుగేసి మాత్రలుగా ఒకేసారి ఆరంభించినచో పండ్రెండు మాత్రలు నిండినగాని వారి మొదటి దెబ్బలు మరల కలియవు. అంతవరకు బాలుడు పొరుగువాని దరువును చెవియొగ్గి వినవలెను, దాని వెంట మాత్రము పోరాదు. తిశ్రము, చతురశ్రము అని సంగీతశాస్త్రము చెప్పు గతులనే అతడు పేర్లు తెలియకయే సాధించును. పీర్ల పండుగనాడు అలావా గుంట చుట్టును నడకలు వడి హెచ్చునపుడు ఈ సాధనకు నిజమైన పరీక్ష.

అయినను ఈ విద్యను వెట్టి అంటిపెట్టుకొని యుండెను. చావునకు, చాటింపునకు, దొరల ఊరేగింపునకు పిలిచినప్పుడెల్ల పోవలసినదే. అందుచేత డప్పు మానుటయే ఆత్మగౌరవమని తలచి బిడ్డల చేతికి చిర్ర నీయని తండ్రులను ఎవరు తప్పుపట్టగలరు? 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమము ఆ డప్పునే హక్కుల గొంతుకగా చేసెను. తెలంగాణ ధూంధాం సభలు దానిని వేదిక నెక్కించెను.

ఇటిక్యాలపాడు వాస్తవ్యులును, 1952లో వనపర్తినుండి శాసనసభకు ఎన్నికైనవారును అగు సురవరం ప్రతాపరెడ్డిగారు 1949 నాటి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో రాజుల కథలను విడిచి ప్రజల ఆటపాటలను, ఆచారములను వెదకిరి. ఆ చూపుతో ఈ దరువులను ఊరూర సేకరింపవలసియున్నది. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యగారి పండ్రెండుమెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ లభించినది, సంతోషమే. 2016లో జిల్లా కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణముల బడులలో అన్ని ఇండ్ల పిల్లలకును డప్పు నేర్పవలెను. నేర్పు గురువు ఆ వాడనుండియే రావలెను, ఆయనకు నెలనెల జీతము ముట్టవలెను.