పోర్ట్‌బ్లెయిర్ చిరునామాలో ఆరంకెలు

విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్‌లోని చుట్టాలకు ఉత్తరం రాసేవాళ్లు కవరు మీద చివర్న 744101 అని వేస్తారు. ఆ ఆరంకెలకు ఒక పుట్టుక ఉంది. దాన్ని పుట్టించినవాళ్లకు పట్టని లెక్కలూ ఉన్నాయి.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. రూపకర్త కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ అధికారి శ్రీరాం భికాజీ వేలంకర్, సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్లు, రకరకాల లిపులు, అర్థంకాని చేతిరాతలు సార్టింగ్ వాళ్లను వేధించేవి. ఒక్క మన రామాపురాలు చాలు, ఎవరి తలైనా తిరగడానికి.

మొదటి అంకె ప్రాంతానిది. తెలుగు రాష్ట్రాలది 5, అండమాన్‌ది 7. విశాఖ నుంచి పోర్ట్‌బ్లెయిర్ సుమారు 1,200 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి ఇంకాస్త ఎక్కువే. అయినా దీవులు పశ్చిమ బెంగాల్ తపాలా సర్కిల్ కిందికి వస్తాయి కాబట్టి ఆ వరసే దక్కింది. 743 అంటే బెంగాల్‌లోని 24 పరగణాలు. దాని పక్క సంఖ్య 744కి మాత్రం సముద్రం దాటాలి. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. 2024 సెప్టెంబరులో ఊరి పేరు శ్రీ విజయపురంగా మార్చారు. కొత్త పేరు రాసినా పాత పేరు రాసినా సార్టింగ్‌లో ఉత్తరానికి దారి చూపేది ఆ ఆరంకెలే.

ఇక దీన్ని చిరునామాగా కాక ఉత్త సంఖ్యగా చూద్దాం. బేసి సంఖ్య. 2 నుంచి 73 దాకా ఉన్న 21 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ దీన్ని నిశ్శేషంగా భాగించదు. ప్రధాన సంఖ్యేనేమో అనుకునేలోపు 79 దగ్గర దొరికిపోతుంది: 79 × 9419. ఆ రెండూ ప్రధాన సంఖ్యలే. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది గనక రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చని ఆశ పుడుతుంది. కుదరదు. 79ని నాలుగుతో భాగిస్తే మిగిలేది మూడు. అలాంటి ప్రధాన కారణాంకం ఒక్కసారే వస్తే ఆ పని జరగదు.

సుమారు 1,900 ఏళ్ల క్రితం నికోమాకస్ అనే గ్రీకు పండితుడు సంఖ్యలను ఇంకో రకంగా విడదీశాడు. ఒక సంఖ్యను మినహాయించి దాని భాజకాలన్నీ కూడితే అదే సంఖ్య వస్తే పరిపూర్ణం (6, 28 లాగా), ఎక్కువొస్తే అధికం, తక్కువొస్తే న్యూనం. మన 744101కి 1, 79, 9419 కూడితే 9,499. పరమ న్యూనం! ఉత్తరాన ఉన్న మాయాబందర్ పిన్ 744204 మాత్రం 12తో భాగింపబడుతుంది. దాని సగం, మూడోవంతు, నాలుగోవంతు కూడితేనే 8,06,221. అంటే అధిక సంఖ్య. రాజధానికి దక్కని ఈ హోదా మాయాబందర్‌కు దక్కడంలో తపాలా శాఖ ప్రమేయం ఏమీ లేదు.