గోదావరి ఇరుదరుల తపాలా

భద్రాచలమునకు ఎదుటి గట్టున సారపాక కలదు. 1965లో వంతెన వెలసినది మొదలు ఈ రెండింటి నడుమ రాకపోకలు సుగమమైనవి. అంతకుముందు పడవయే శరణ్యము. 1950 వరకు ఇచ్చట గోదావరి రెండు తపాలాలకు ఎల్లయై యుండెను. ఖమ్మము, పాల్వంచల వైపున నిజాము రాజ్యపు సొంత తపాలా. భద్రాచలము వైపున భారత తపాలా. నిజాము బిళ్ల ఆ రాజ్యపు పొలిమేర దాటిన చెల్లదు.

ఈ ఎల్ల 1860 నాటి ఒడంబడికతో ఏర్పడినది. భద్రాచలము, రేకపల్లి మున్నగు ఎడమగట్టు తాలూకాలు అప్పుడు నిజామునుండి ఆంగ్లేయుల వశమైనవి. 1874లో ఈ రెండును మద్రాసు రాజధానిలో చేరినవి. ఇరుదరుల చరిత్రయు మనకు ఒకే పాఠము చెప్పుచున్నది.

ముందు కుడిగట్టు సంగతి. 1853లో మొదటి సాలార్‌జంగు దివాను అగునాటికి హైదరాబాదు ఖజానా వట్టిపోయి యుండెను. శిస్తు వసూలు గుత్తదారుల చేతిలో నుండెను. గుత్త పుచ్చుకొన్నవాడు పెట్టిన సొమ్ముకు మించి రాబట్టుకొనుటయే చూచునుగాని, రైతు బాగోగులు వానికేల? సాలార్‌జంగు ఆ పద్ధతిని తొలగించి, 1865లో జిల్లాబందీ నెలకొల్పి, జీతముపై పనిచేయు అధికారులను నియమించెను. ఆయన కాలముననే, 1869లో, నిజాము రాజ్యపు తొలి తపాలా బిళ్ల వెలువడినది. బిళ్ల యనగా ముందుగా సొమ్ము పుచ్చుకొని ప్రభుత్వము చేసిన బాస. బాస నిలుపుకొనగల యంత్రాంగము లేనిచోట అది వట్టి కాగితము.

ఎడమవైపు కొండలలో ఇందుకు విపరీతము జరిగినది. రంప మన్యమున కల్లుపై పన్నును గుత్తకిచ్చిరి. కొండవారు తమ చెట్టు కల్లు తాము త్రాగుటకును గుత్తదారునకు చెల్లింపవలసివచ్చెను. మన్సబుదారు దుష్పరిపాలన దానికి తోడయ్యెను. 1879 మార్చిలో తిరుగుబాటు చెలరేగి, కొలది నెలలలో రేకపల్లికి ప్రాకినది. అచ్చటివారు పోడుపై పన్ను పెరిగినందున అదివరకే క్రుద్ధులై యుండిరి.

తపాలాకును గుత్తకును సంబంధమేమని శ్రోతలు అడుగవచ్చును. 1854లో భారత తపాలా పావుతులము ఉత్తరమునకు అర్ధణా వెల నిర్ణయించి, దూరముతో నిమిత్తము లేకుండ చేసినది. పట్టణపు ఉత్తరముపై మిగిలినది అడవి ఉత్తరముపై తరిగినదానిని పూడ్చవలెను. లాభమే కోరువాడు మొదటిదాని నేరుకొని రెండవదానిని విడుచును. అందుచేతనే 1898 చట్టము ఉత్తరముల చేరవేతను ప్రభుత్వమునకే ప్రత్యేకాధికారముగ ఉంచినది.

1950 ఏప్రిల్ 1న నిజాము తపాలా భారత తపాలాలో లీనమయ్యెను. 1953లో ఖమ్మము జిల్లా ఏర్పడెను. 1959లో భద్రాచలము అందు చేరెను. అప్పటికే రెండు గట్లకును ఒకే బిళ్ల, ఒకే వెల.

2023లో కొత్త తపాలా చట్టము వచ్చి, 2024 జూన్ 18న అమలైనది. బిళ్లలు ముద్రించి వెలువరించు ప్రత్యేకాధికారము నిలిచినది. ఉత్తరములు చేరవేయు ప్రత్యేకాధికారము అందు లేదు. సేవల రుసుములను నిర్ణయించు అధికారము డైరెక్టర్ జనరల్‌కు దఖలుపడినది. కావున అడవి పల్లెకు రక్షణ ఇకమీదట చట్టపు అక్షరము కన్న నాయకుల విజ్ఞతపైననే హెచ్చుగా ఆధారపడి యున్నది. పలు పల్లెలలో ఉత్తరములతోపాటు పింఛను సొమ్మును పంచు గ్రామీణ డాక్ సేవకులను శాఖ నేటికిని శాశ్వతోద్యోగులలో లెక్కింపదు. ఇదియు నాయకత్వమునకు ఒక పరీక్షయే.

ఆదాయము చాలదని ఒక పల్లె తపాలాను మూయదలచిన అధికారిని మనము అడుగవలసినది ఒక్కటి కలదు. రేపటినుండి ఆ పల్లెకు ఉత్తరమును ఎవరు తెత్తురు? ఏ వెలకు తెత్తురు?