తాలీము, వస్తాదు, తర్ఫీదు: బార్కస్ నేపథ్యంలో ఇస్లామీయ విద్యా సంస్కరణ

ఉపోద్ఘాతం

అరబ్బీ, ఫారసీ భాషల నుంచి ఉర్దూ మీదుగా తెలుగులో చేరిన పదాలలో విద్యకు సంబంధించిన మూడు పదాలు ప్రత్యేకంగా గమనించదగినవి. ‘తాలీమ్’ అంటే మూలభాషలో విద్య నేర్పడం. తెలుగులో తాలీము అంటే కసరత్తు. తాలింఖానా అంటే సాము చేసే చోటు. ‘ఉస్తాద్’ మూలంలో గురువు. తెలుగులో అది వస్తాదుగా మారి కండలు తిరిగిన మల్లుడికి పేరైంది. ‘తర్బియత్’ అంటే పెంచి పెద్దచేయడం, నడవడిని తీర్చిదిద్దడం. తెలుగులో అది తర్ఫీదుగా మారి, ప్రధానంగా ఒక పనిలో ఇచ్చే శిక్షణకు పరిమితమైంది.

మూడు పదాలలోనూ అర్థం గ్రంథం నుంచి దేహం వైపు, శీలం నుంచి నైపుణ్యం వైపు జరిగింది. తెలుగువారికి ఈ పదాలు పాఠశాలల కన్నా సైనిక శిబిరాలలో, గోదాలలో ఎక్కువగా పరిచయం కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఈ ఊహను పరీక్షించడానికి హైదరాబాదు పాతబస్తీ దక్షిణాన ఉన్న బార్కస్ అనువైన స్థలం. అక్కడి అరబ్బు సమాజ చరిత్రను, హైదరాబాదులో జరిగిన ఇస్లామీయ విద్యా సంస్కరణను పక్కపక్కన పెట్టి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

సైనిక నివాసంగా బార్కస్

చాంద్రాయణగుట్ట సమీపంలోని ఈ ప్రాంతం పేరు ‘బ్యారక్స్’ అనే ఆంగ్లపదానికి స్థానిక ఉచ్చారణ. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు ఇక్కడ స్థిరపడ్డారు. చావూష్‌లు అని వ్యవహరించేది వీరినే. పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగంలో వీరి జమాదార్లు సైనికాధికారులు మాత్రమే కారు. ప్రభువర్గానికి, ప్రభుత్వానికి కూడా అప్పులిచ్చిన రుణదాతలు. 1853లో దివానైన మొదటి సాలార్‌జంగ్ తన సంస్కరణలలో భాగంగా వీరి అధికారాన్ని క్రమంగా అదుపులోకి తెచ్చాడు. అప్పటి బార్కస్‌లో నాయకత్వానికి ఆధారం ఆయుధం, అనుచరగణం, ధనం. తెలుగు నిఘంటువులోని ‘తాలీము’, ‘వస్తాదు’ ఆ ప్రపంచానికి సరిగ్గా సరిపోతాయి. మల్లయుద్ధానికి బార్కస్ నేటికీ ప్రసిద్ధమే.

అన్వరుల్లా ఫారూఖీ: విద్య నుంచి నాయకత్వం

అదే నగరంలో భిన్నమైన నాయకత్వానికి పునాది వేసినవారు మౌలానా అన్వరుల్లా ఫారూఖీ. ఆయన మొదట రెవెన్యూ శాఖలో ఉద్యోగి. వడ్డీ వ్యవహారానికి సంబంధించిన పత్రం రాయవలసి వచ్చినందుకు ఆ కొలువు విడిచిపెట్టారని జీవితచరిత్రలు చెబుతాయి. రుణం అధికార సాధనంగా చెలామణి అయిన నగరంలో ఈ నిర్ణయం వ్యక్తిగత నిష్ఠగా మాత్రమే మిగలలేదు. బోధకుడి నడవడి కూడా బోధనలో భాగమేనన్న సూత్రానికి అది ఉదాహరణగా నిలిచింది.

1876లో ఆయన జామియా నిజామియాను స్థాపించారు. ఆరవ, ఏడవ నిజాములకు గురువుగా ఉండి, ‘ఫజీలత్ జంగ్’ బిరుదు పొందారు. అయినా ఆయన ప్రభావం దర్బారుకు పరిమితం కాలేదు. అరుదైన అరబ్బీ రాతప్రతులను పరిష్కరించి ముద్రించేందుకు 1888లో ఏర్పడిన దాయిరతుల్ మఆరిఫ్ వెనుక ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుస్సేన్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూంలతో పాటు ఆయన కృషి ఉంది. పాఠశాల బోధకులను తయారు చేస్తే, ముద్రణాలయం పండిత ప్రపంచానికి గ్రంథాన్ని అందించింది. ఏడవ నిజాం కాలంలో ధర్మశాఖ బాధ్యత కూడా ఆయనకు దక్కింది. ఖాజీ, ఇమాం, ఖతీబ్ వంటి సేవలలో ఉండేవారికి నిర్ణీత పాఠ్యక్రమం, పరీక్ష అనే పద్ధతి జామియాతో ముడిపడింది. వంశపారంపర్యంగా సంక్రమించే పదవికి అర్హత అనే కొలమానం తోడైంది. ఈ సంస్కరణలో కీలకాంశం ఇదే. 1918లో ఆయన మరణించారు. సమాధి జామియా ఆవరణలోనే ఉంది.

హద్రమౌత్ నుంచి మరో వారసత్వం

హద్రమౌత్ హైదరాబాదుకు సైనికులను మాత్రమే పంపలేదు. తరీం ప్రాంతానికి చెందిన కవి, పండితుడు అబూబక్ర్ ఇబ్న్ షిహాబ్ (1846–1922) హైదరాబాదులో చాలాకాలం నివసించి, బోధించి, ఇక్కడే కన్నుమూశారు. హద్రమీలు షాఫయీ ధర్మశాస్త్ర సంప్రదాయాన్ని అనుసరిస్తారు. నగర ముస్లిములలో అధికులు హనఫీలు. ఈ భేదం ఉన్నా పాండిత్యం రెండు సమాజాలనూ కలిపింది. అరబ్బీలో ‘అదబ్’ అనే పదానికి సాహిత్యం, సభ్యత అనే రెండర్థాలూ ఉన్నాయి. కవి బోధకుడిగా ఉండటం ఆ సంప్రదాయంలో సహజమే. బార్కస్ చరిత్రను కేవలం సైనిక చరిత్రగా చూస్తే ఈ రెండవ వారసత్వం మరుగున పడుతుంది.

1948 తరువాత

1948 పోలీసు చర్యతో నిజాం సైన్యం రద్దయింది. తరతరాల వృత్తి ఒక్కసారిగా పోయింది. కావలి పనులు, చిన్న వ్యాపారాలు జీవనాధారమయ్యాయి. అప్పటికే ఇళ్లలో ఉర్దూ బలపడింది. అరబ్బీ క్రమంగా తగ్గింది. 1970ల నుంచి గల్ఫ్ వలస మరో మలుపు. తాతల భాష మళ్లీ అక్కరకు వచ్చింది, అయితే ఈసారి ఉపాధి కోసం. తర్బియత్‌కు తెలుగులో స్థిరపడిన ‘పని శిక్షణ’ అనే అర్థం ఇక్కడ జీవితంలోనూ కనిపిస్తుంది. ఉపాధి అవసరాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు. వృత్తి కోల్పోయిన సమాజానికి చదువు అన్నం పెట్టాలి. అయితే అన్వరుల్లా ఫారూఖీ ఉద్యోగం విడిచిన సందర్భం ఎదుట నిలిపే ప్రశ్న వేరు: ఏ పని చేయకూడదో తెలుసుకునే శక్తిని చదువు ఇస్తున్నదా? తరువాతి కాలంలో జామియాలో బాలికలకు ప్రత్యేక విభాగం ఏర్పడటంతో ఆ ప్రశ్న పరిధి మరింత విస్తరించింది.

ముగింపు

మదర్సా సంస్కరణపై చర్చ సాధారణంగా పాఠ్యాంశాల చేర్పు, తొలగింపుల చుట్టూ తిరుగుతుంది. హైదరాబాదు అనుభవం మరొక కొలమానాన్ని సూచిస్తుంది. అర్హతకు పరీక్ష, గ్రంథానికి ముద్రణ, బోధకుడికి నడవడి: ఈ మూడూ కలిసినప్పుడే అక్కడ సంస్కరణ నిలిచింది. తాలీము, వస్తాదు, తర్ఫీదు అనే తెలుగు పదాలు ఆ చరిత్రలో సగభాగాన్ని భద్రపరిచాయి. రెండవ సగం జామియా గదులలో, దాయిరతుల్ మఆరిఫ్ ముద్రించిన పుటలలో ఉంది. తెలుగు ప్రాంత విద్యాచరిత్రను రాసేవారు ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే బార్కస్‌కు న్యాయం జరుగుతుంది.