స్త్రీవేషం: రంగస్థలంపై గౌరవం, వీధిలో నేరం

కీలక పదాలు: స్త్రీవేషధారణ, భామాకలాపం, జెండర్ అస్తిత్వం, హిజ్రా, హైదరాబాదు సంస్థానం

ఉపోద్ఘాతం

పురుషుడు స్త్రీవేషం ధరించి నటించడం తెలుగు ప్రదర్శన కళలలో దీర్ఘకాలంగా మన్నన పొందిన సంప్రదాయం. అదే వేషం వీధిలో కనిపించినప్పుడు, హైదరాబాదు సంస్థానంలో ఒక వర్గం ప్రజలకు అది కారాగార శిక్షకు కారణమయింది. పాత్రకూ అస్తిత్వానికీ మధ్య సమాజం, రాజ్యం గీసిన ఈ రేఖను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రంగస్థలం: పాత్రగా స్త్రీత్వం

కూచిపూడి భామాకలాపాన్ని సంప్రదాయం సిద్ధేంద్రయోగికి ఆపాదిస్తుంది. ఆ గ్రామ బ్రాహ్మణ కుటుంబాలలో పుట్టిన ప్రతి పురుషుడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్నది అక్కడ ప్రచారంలో ఉన్న నియమం. ఆ పాత్రతో ప్రసిద్ధుడైన వేదాంతం సత్యనారాయణ శర్మకు 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1970లో పద్మశ్రీ లభించాయి. పద్యనాటక రంగంలో సత్యభామగా, చిత్రాంగిగా, మధురవాణిగా ప్రేక్షకులను మెప్పించిన స్థానం నరసింహారావు 1956లోనే పద్మశ్రీ అందుకున్నారు.

భామాకలాపంలో మాధవి పాత్ర మరింత గమనించదగినది. సూత్రధారుడే సత్యభామ ఎదుట చెలికత్తె మాధవిగా, కృష్ణుని ఎదుట చెలికాడు మాధవునిగా వ్యవహరిస్తాడు. స్త్రీపురుష ద్వంద్వం స్థిరమైనది కాదన్న ఎరుక ఈ ప్రక్రియలోనే ఉంది. అయితే ఆ స్వేచ్ఛ ఎవరికి దక్కిందన్నది వేరే ప్రశ్న. కూచిపూడి స్త్రీవేషం బ్రాహ్మణ పురుషత్వాన్ని నిర్మించే సాధనంగా కూడా పనిచేసిందని హర్షిత మృత్యింటి కామత్ తన 2019 నాటి గ్రంథంలో ప్రతిపాదించారు. వేషం తీసిన నటుడు తిరిగి గృహస్థుడే కావడం ఆ గౌరవానికి ఆధారం.

వీధి: నేరంగా స్త్రీత్వం

బ్రిటిష్ ప్రభుత్వం 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం రెండవ భాగం ‘నపుంసకుల’ నమోదును విధించింది. అదే ధోరణిలో హైదరాబాదు సంస్థానం 1329 ఫసలీలో, అంటే 1919లో, ప్రత్యేక చట్టం తెచ్చింది. బాలుర అపహరణ వంటి నేరాలకు పాల్పడుతున్నారన్న అనుమానం ఉంటే చాలు, వారి పేర్లు, నివాసాలు రిజిస్టరుకెక్కేవి. అలా నమోదైన వ్యక్తి స్త్రీ దుస్తులతోనో నగలతోనో బహిరంగ ప్రదేశంలో కనిపించినా, పాడినా, ఆడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఆటపాటలే జీవనాధారమైన హిజ్రాలకు ఇది ఉనికిపైనా ఉపాధిపైనా ఒకేసారి పడిన వేటు.

సంస్థానం అంతరించినా చట్టం మిగిలింది. స్థానం వారికి పద్మశ్రీ వచ్చిన 1956లోనే ఆంధ్రప్రదేశ్ అవతరించింది. స్త్రీవేషానికి జాతీయ గౌరవం దక్కిన ఆ ఏడాదే, దానిని నేరంగా చూసే శాసనం కొత్త రాష్ట్రపు తెలంగాణ ప్రాంతానికి వారసత్వంగా వచ్చింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ జెండరును తామే నిర్ణయించుకునే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2014లో గుర్తించిన తరువాత కూడా ఆ శాసనం రద్దు కాలేదు. చివరకు 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని దానిని కొట్టివేసింది.

ముగింపు

స్త్రీపాత్రధారులందరినీ నేటి ద్వంద్వేతర అస్తిత్వానికి పూర్వీకులుగా చెప్పడం చరిత్రకు న్యాయం కాదు. వారు నటించినది పాత్రను. స్త్రీత్వాన్ని తమ జీవితంగా బతికినవారిని రాజ్యం నేరస్థుల పట్టికలో చేర్చింది. నటుల పేర్లు పురస్కారాల జాబితాలలో దొరుకుతాయి. హిజ్రాల పేర్లు వెదకవలసింది పోలీసు రిజిస్టర్లలో. తెలుగు ప్రదర్శన కళల చరిత్ర సమగ్రం కావాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవాలి.